నయా ఖిల్లా చెట్టు, మా డాబా మీది మొక్కలు: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 11

గోల్కొండ సందుల్లోంచి నడిచి, కోటలో తరువాత కలిపిన భాగమైన నయా ఖిల్లా గేటు దగ్గర పుస్తకంలో పేర్లు రాసి, గోల్ఫ్ మైదానం అంచున సాగే బాట పట్టాం. మా తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది, నేను. అందరూ ఏనుగుల చెట్టు అనే అక్కడి పెద్ద బావోబాబ్‌ను చూడగానే నోట మాట రాక నిలబడిపోతారని అనుకున్నాను. అలా జరగలేదు. ముందు వరుసలో ఉన్న అమ్మాయి ఆగి, "టీచర్, చచ్చిపోయిందా?" అంది.

చెట్టు మీద ఒక్క ఆకు లేదు. బూడిదరంగు కాండం, దాని మీద ఏనుగు తోలులా మడతలు, పైన ఆకాశంలోకి వేళ్లు చాచినట్టున్న కొమ్మలు. తరగతిలో బావోబాబ్ గురించి చెప్పేటప్పుడు ఆకులు రాలుస్తుందని నేనే చెప్పాను. తరగతిలో విన్నదీ, కళ్లెదుట మోడుగా నిలబడినదీ ఒకటేనని వాళ్లకు నమ్మకం కుదరలేదు. "బతికే ఉంది. జూన్‌లో మళ్లీ వద్దాం" అన్నాను. ఈ ప్రాజెక్టు నిజానికి ఆ మాటతోనే మొదలైంది.

30 మీటర్ల టేపు తీసుకెళ్లాం. కాండాన్ని తాకకుండా, ఛాతీ ఎత్తులో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకుంటూ చుట్టూ తిరిగాం. టేపు చుట్టుకొచ్చాక ఇంకా కొంత మిగిలింది. అందరూ చెప్పే లెక్క 27 మీటర్ల పైచిలుకు. మడతల లోపలికి టేపు వెళ్లిందా, పైనుంచి దాటిందా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. పైగా ఈ చెట్టు కాండమంతా మెత్తటి పీచు, అందులో నీళ్లు. వానల్లో కొంచెం ఉబ్బుతుంది, ఎండల్లో కొంచెం తగ్గుతుంది. అందుకని మా కొలతను కేవలం "30 మీటర్ల లోపు" అని రాసుకున్నాం.

వయసు 400 ఏళ్ల పైమాటే అంటారు. అరబ్బు వర్తకులు మహమ్మద్ కులీ కుతుబ్ షాకు కానుకగా తెచ్చిన మొక్క అని తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. ఆయన పాలించింది 1580 నుంచి 1612 దాకా. నయా ఖిల్లా గోడ వచ్చింది 1656లో మొగలుల దాడి తరువాత, అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో. ఆ కథే నిజమైతే గోడ కట్టేనాటికి చెట్టుకు నలభై ఏళ్లు దాటి ఉండాలి. కొత్త కోట చెట్టు చుట్టూ వచ్చిందని, కోటలో చెట్టు పెట్టలేదని పిల్లల చేత ఆ లెక్క వేయించాను. కొన్నేళ్ల కిందట పురావస్తు శాఖ ఇక్కడ తవ్వినప్పుడు పాత తోట కాలువలు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి. షాతం చెరువు పక్కనే ఉంది. ఒకప్పుడు ఇదంతా నీళ్లు పారిన తోట.

చెట్టు మొదట్లో బోలుగా ఉన్న చోట పూర్వం నలభై మంది దొంగలు దాక్కునేవారని కథ. పిల్లలకు ఎక్కువ నచ్చినది అదే. నాకు మాత్రం చూపు బెరడు మీదే నిలిచిపోయింది. తాళంచెవులతో, మేకులతో చెక్కిన పేర్లు, గుండె గుర్తులు, బాణాలు. అందినంత ఎత్తు దాకా ఖాళీ లేదు. తిరిగి వచ్చే దారిలో మా వాడొకడు, "టీచర్, నా దగ్గర కూడా తాళంచెవి ఉంది. రాయాలనిపించింది" అని చెప్పాడు. చెప్పినందుకు వాడి మీద నాకు గౌరవం పెరిగింది.

ఫిబ్రవరి 14

నిర్ణయించాం. ఏడాది పొడవునా ఆ చెట్టును రుతువు రుతువుకూ చూసి రాస్తాం. దానితోపాటు విత్తనం నుంచి బావోబాబ్ మొక్కలు పెంచుతాం. ఆ తోటలో ఎవరో ఒక తోటమాలి రోజూ నీళ్లు పోసి కాపాడి ఉండకపోతే ఈ చెట్టు లేదు. ఆ మొదటి ఏడాది ఎలా ఉంటుందో మా చేతులతో తెలుసుకోవాలి.

ఆ చెట్టు కాయ ముట్టుకునే ప్రశ్నే లేదు. రక్షిత కట్టడంలో ఎండు పుల్ల కూడా అక్కడే ఉండాలి. సంక్రాంతి సెలవుల్లో మేం మధ్యప్రదేశ్‌లోని మాండూ వెళ్లినప్పుడు రోడ్డు పక్క బుట్టల్లో అమ్ముతుంటే రెండు కాయలు కొన్నాను. అక్కడ వీటిని మాండూ చింతకాయలంటారు. కొండ మీద ఎటు చూసినా ఈ చెట్లే. మధ్యయుగాల్లో ఆఫ్రికా తీరం నుంచి సముద్రం దాటి వచ్చిన వర్తకులతో, ఫకీర్లతో, హబ్షీ సైనికులతో వచ్చాయని అంటారు. మా కాయలు షోకేసులో బొమ్మల పక్కన కూర్చున్నాయి. వేసవి దాకా వాటిని అక్కడే ఉంచాలి. చలికి ఈ గింజ మొలవదు.

మే 4

పచ్చడి బండతో కాయ పగలగొట్టాం. పైన ముఖమల్ లాంటి నూగు, లోపల కొబ్బరి చిప్పంత గట్టి పెంకు, అందులో తెల్లగా పొడిబారిన గుజ్జు, ఎర్రటి పీచు. గుజ్జు నోట్లో వేసుకుంటే పుల్లగా కరిగిపోతుంది. సెలవుల్లో కూడా వచ్చిన ఆరుగురు పిల్లలు గింజల కోసమని గుజ్జు చాలావరకు చప్పరించి పారేశారు. మిగిలిన గుజ్జును మా అత్తయ్య బెల్లం నీళ్లలో పిసికి వడకట్టి అందరికీ గ్లాసుల్లో పోసింది. "చింతపండు పానకం ఎప్పుడూ తాగలేదా? ఇదీ అదే వరస" అంది.

గింజ మూత్రపిండం ఆకారంలో, దాదాపు సెంటీమీటరు పొడవు, నల్లగా, గోటితో కొడితే రాయిలా మోగుతుంది. అడవిలో ఏనుగులూ కోతులూ తిన్నాక వాటి కడుపులో నాని, పేడతో బయటపడ్డాకే ఇవి సులువుగా మొలుస్తాయి. మన దగ్గర ఆ పని మనం చేయాలి. ప్రయోగశాలల్లో ఆమ్లం వాడతారు. పిల్లల చేతికి అది ఇవ్వను. 40 గింజలు ఏరి నాలుగు భాగాలు చేశాం. పది అలాగే పెట్టాం. పదింటి మీద మరిగిన నీళ్లు పోసి రాత్రంతా ఉంచాం. పదింటిని ఉప్పుకాగితం మీద ఒక పక్క రుద్ది, లోపలి తెల్లటి పొర తొంగిచూసేదాకా గీకాం. చివరి పదింటిని రుద్దిన తరువాత గోరువెచ్చని నీళ్లలో ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టాం.

రుద్దడం విసుగు పని. ఒక గింజకు ఐదు నిమిషాలు. ఎక్కువ రుద్దితే పప్పు దెబ్బతింటుంది, తక్కువ రుద్దితే నీరు లోపలికి పోదు. ఎంత రుద్దాలో అత్తయ్య ఒక్క మాటలో చెప్పింది: "గోరు పెడితే జారకూడదు, పట్టాలి." ఆ కొలత పుస్తకాల్లో దొరకలేదు. పిల్లలకు వెంటనే అర్థమైంది.

మట్టి: రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు. పేడ ఎరువు వేయలేదు.

మే 27

రుద్ది నానబెట్టినవి ఒక్క రాత్రిలోనే రెట్టింపు లావయ్యాయి. పదకొండో రోజున మొదటిది నేల చీల్చింది. ఈ రోజుకు లెక్క ఇది: అలాగే పెట్టినవాటిలో ఒక్కటీ లేదు, మరిగిన నీళ్లవి మూడు, రుద్దినవి ఆరు, రుద్ది నానబెట్టినవి ఎనిమిది. మొత్తం పదిహేడు.

మొలక బెండ మొలక కంటే లావు. బీజదళాలు మందంగా, గుండ్రంగా. వాటి మధ్యనుంచి వచ్చిన మొదటి ఆకులు ఒంటి ఆకులు. బావోబాబ్ అనగానే అరచేయీ వేళ్లూ లాంటి ఆకు కదా అని పిల్లలకు అనుమానం. ఆ ఐదు వేళ్ల ఆకు పెద్దయ్యాక వస్తుంది. చిన్నప్పుడు ఒకటే.

జూన్ 16

మాట ఇచ్చినట్టే మళ్లీ వెళ్లాం. ఫిబ్రవరిలో చచ్చిపోయిందన్న అమ్మాయి దూరం నుంచే చూసి పరుగెత్తింది. చెట్టంతా పచ్చన. కింద నీడ.

నేల మీద రాలిన పూలు పడున్నాయి. ఒకటి ఎక్కువ వాడిపోకుండా దొరికింది, చుట్టూ కూర్చుని చూశాం. ఐదు రేకలు వెనక్కి ముడుచుకున్నాయి. తెల్లటి రేకలు అంచుల్లో అప్పటికే గోధుమరంగుకు తిరిగాయి. మధ్యలో వందల కేసరాలు ఒక గుత్తిగా, గడ్డం గీసుకునే బ్రష్షులా ఉన్నాయి. వాసన తీయగా ఉండదు. కుళ్లిన పండు వాసనకు దగ్గర. సాయంత్రం చీకటి పడేవేళ విచ్చుకుని, ఆ రాత్రే గబ్బిలాలను పిలిచి, పొద్దున్నకు వాడి రాలిపోతుంది. గేటు మూసే వేళకు ముందే మనం బయటికి రావాలి కాబట్టి అది విచ్చుకోవడం చూసే భాగ్యం మాకు లేదు. రాలిన పువ్వే మాకు దక్కింది.

"ఈ పువ్వు ఎక్కడ చూశారు?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకడు, "మందారంలో కేసరాలు ఇలాగే గొట్టం మీద ఉంటాయి టీచర్" అన్నాడు. మందారం, బెండ, పత్తి, బూరుగు, ఇదీ ఒకే కుటుంబం. నాలుగేళ్లుగా బోర్డు మీద రాస్తున్న వాక్యం ఒక పిల్లవాడి నోట తనంతట తానుగా రావడం మొదటిసారి విన్నాను. బావోబాబ్ శాస్త్రీయ నామం ఆడన్సోనియా. ఆ పేరులో ఉన్న ఆడన్సన్ 1749లో సెనెగల్‌కు వెళ్లిన ఫ్రెంచి శాస్త్రవేత్త. మొత్తం ఎనిమిది రకాల బావోబాబ్‌లలో ఆరు మడగాస్కర్‌లోవే, ఒకటి ఆస్ట్రేలియాలో, మన నయా ఖిల్లాది ఆఫ్రికా రకం. పూవును ఉన్నచోటే వదిలి వచ్చాం.

జూలై 22

పదిహేడులో ఐదు పోయాయి. తప్పు నాది. వారం రోజులు ముసురు పట్టినా, నీళ్లు పోసే వంతు పట్టికను ఆపమని పిల్లలకు చెప్పలేదు. మొక్కలు మొదట్లో నీరుకారి, నల్లబడి, ఒక పక్కకు ఒరిగిపోయాయి. నారుకుళ్లు తెగులు. మిగిలినవాటిని డాబా మీద రేకుల కిందకు మార్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోశాం. పదిరోజులు వేరే నీళ్లు లేవు. ఆగింది.

నీళ్లు దాచుకునే చెట్టును నీళ్లు పోసి చంపాం. పిల్లలతో ఇది దాచలేదు, బోర్డు మీద రాశాను.

ఆగస్టు 18

నర్సరీ కవర్లలోంచి పెద్ద కుండీల్లోకి మార్చబోతే ఒకదాని తల్లి వేరు తెగింది. తెగిన ముక్క చూస్తే మా అందరికీ ఆశ్చర్యం. మూడు నెలల మొక్క కింద బొటనవేలంత దుంప, తెల్లగా, చిన్న ముల్లంగిలా. కొరికితే నీళ్లు. పైన జానెడు మొక్క ఉంటే కింద అంతకు మించిన వేరు ఉంది. కవరు అడుగుకు తగిలి చుట్ట తిరుగుతోంది.

కుండీ ఆలోచన మానుకున్నాం. మా విద్యార్థి ఒకడి నాన్న ప్లంబరు. ఆయన నాలుగు అంగుళాల పీవీసీ గొట్టాన్ని రెండడుగుల ముక్కలు కోసి, ఒక్కొక్కదాన్ని నిలువునా చీల్చి, మళ్లీ కలిపి తీగతో కట్టి ఇచ్చారు. అడుగున జల్లెడ గుడ్డ. నాటే రోజున తీగ విప్పితే గొట్టం పుస్తకంలా తెరుచుకుంటుంది, వేరుకు దెబ్బ తగలదు. పైసా తీసుకోలేదు. "చెట్టు పెద్దయ్యాక ఇది ఎవరు పెట్టారంటే గొట్టం నాదని చెప్పండి మేడమ్" అన్నారు. పదకొండు మొక్కలు, పదకొండు గొట్టాలు.

అక్టోబరు 27

పేర్ల సంగతి పిల్లలు మరిచిపోలేదు. రాయవద్దని బోర్డు పెడితే బోర్డు మీద కూడా రాస్తారు అన్నారు వాళ్లు. రాసుకోవడానికి చోటు ఇస్తే? పొడుగు నోటు పుస్తకం ఒకటి కొని, అట్ట మీద చెట్టు బొమ్మ వేసి, ఆ ఆదివారం పొద్దున్నుంచి చెట్టుకు కాస్త దూరంలో కూర్చున్నాం. అక్కడి కాపలా ఆయన ముందు అనుమానంగా చూసి, తరువాత తనే మొదటి పేరు రాశారు. "ఇరవై ఏళ్లుగా వీళ్లతో అరుస్తున్నాను అమ్మా, ఇదేదో బాగుంది."

మధ్యాహ్నానికి 63 పేర్లు. ఉర్దూలో, తెలుగులో, హిందీలో, ఒకరు కన్నడంలో.

సాయంత్రం ముప్పై ఏళ్లుంటాయేమో, ఒకాయన భార్యతో వచ్చారు. పుస్తకం చూసి కాసేపు తటపటాయించి, "నా పేరు ఆల్రెడీ చెట్టు మీదే ఉంది" అన్నారు. కాలేజీ రోజుల్లో చెక్కారట. చూపించమన్నాం. చాలాసేపు వెతికారు. ఆయన తలెత్తి వెతుకుతున్నారు, చెట్టుతోపాటు పేరు కూడా పైకి వెళ్లి ఉంటుందని. మా పిల్ల ఒకత్తె, "పైన కాదన్నా, మీరు ఎంత ఎత్తులో రాశారో అక్కడే ఉంటుంది. చెట్టు కొమ్మల చివర్లలోనే ఎత్తు పెరుగుతుంది, కాండం లావు మాత్రమే అవుతుంది" అంది. భుజం ఎత్తులో దొరికింది. అక్షరాలు అడ్డంగా సాగి, మధ్యలో గాయం మాని, ఉబ్బెత్తు గీతలుగా మారాయి. ఈ చెట్టుకు బెరడు ఒలిచినా తిరిగి వస్తుంది. ఆఫ్రికాలో ఆ బెరడు పీచుతో తాళ్లు పేనతారు. ఆయన పేరులో మొదటి అక్షరం తప్ప మిగతాది చదవడానికి రావడం లేదు. ఆయన ఆ మచ్చ మీద వేలు పెట్టబోయి, పెట్టకుండా చేయి వెనక్కి తీసుకున్నారు. పుస్తకంలో ఇద్దరి పేర్లూ రాసి వెళ్లారు.

డిసెంబరు 29

డాబా మీద మొక్కల ఆకులు పసుపు తిరిగి రాలిపోయాయి. పదకొండు గొట్టాల్లో పదకొండు పుల్లలు. ఫిబ్రవరి ప్రశ్న మళ్లీ వచ్చింది, ఈసారి ఫోనులో, రాత్రి తొమ్మిదికి: "టీచర్, అన్నీ పోయాయా?"

మర్నాడు బతికుందో లేదో చూడటం నేర్పిద్దామని ఒక పుల్ల మీద గోటితో కాస్త గీరి చూపించాను. పైపొర కింద పచ్చగా, తడిగా ఉంది. ఆకులు లేనప్పుడు ఆ పచ్చ పొరే కొంత ఆహారం తయారు చేస్తుందని, పెద్ద చెట్టుకు కూడా బెరడు కింద అదే ఉంటుందని చెప్పాను. అందరూ వంగి చూశారు. అప్పుడు తాళంచెవి సంగతి చెప్పిన ఆ అబ్బాయే మెల్లగా, "మనం కూడా గీరుతున్నాం కదా టీచర్?" అన్నాడు.

జవాబు లేదు. నిజమే కదా. పదకొండింటినీ పదకొండు మంది గీరి చూసేవాళ్లం. అక్కడితో ఆపేశాం. మట్టి కొంచెం పక్కకు జరిపి, మొదట్లో దుంపను రెండు వేళ్లతో తేలికగా నొక్కి చూడటం మొదలుపెట్టాం. గట్టిగా ఉంటే బతికి ఉన్నట్టు, మెత్తబడితే పోయినట్టు. పది గట్టిగా ఉన్నాయి. ఒకటి మెత్తగా.

నీళ్లు నెలకు ఒక గ్లాసు. అంతే.

మార్చి 23

చోటు. ఈ ప్రాజెక్టులో ఇంతకంటే కష్టమైనది ఏదీ లేదు. మా బడి ఆవరణలో బోరు, ట్యాంకు, కొత్తగా వేసిన టైల్స్ పోను మిగిలింది ఒక వాలీబాల్ కోర్టు. కాలనీ పార్కులకు అడిగాను. ఎంత పెద్దదవుతుందని అడిగి, చెప్పగానే వద్దన్నారు. నిజమే, నగరంలో రెండు వందల గజాల ఇంటికి ఈ చెట్టు నప్పదు. దీనికి చోటు ఇవ్వడమంటే ఎవరో పుట్టబోయేవాళ్ల చోటును ఇప్పుడే రాసిచ్చినట్టు.

అయినా నేను ఊరుకోను. ఆఫ్రికాలోని అతి పెద్ద ఆరు బావోబాబ్‌లలో ఐదు, అతి పురాతనమైన పదమూడింటిలో తొమ్మిది, పన్నెండేళ్లలో పూర్తిగానో, అతి పాత కాండాలు కూలిపోయో చనిపోయాయని 2018లో పరిశోధకులు రాశారు. వెయ్యేళ్లు నిలిచినవి అవి. ఆ వార్త చదివాక మన నయా ఖిల్లా చెట్టును చూడటానికి వెళ్లిన ప్రతిసారీ మొదట కొమ్మల వంకే చూస్తాను.

జూన్ 8

పది పుల్లలూ చిగిర్చాయి. తొమ్మిదింటికి ఒంటి ఆకులే. ఒకదానికి కొసన వచ్చిన ఆకు మూడుగా చీలింది. మూడు వేళ్లు. పిల్లలు ఇప్పుడు పదో తరగతి. ట్యూషన్ల మధ్య పరుగెత్తుకొచ్చి చూసి వెళుతున్నారు. అత్తయ్య ఆ మూడు వేళ్ల మొక్కకు మాత్రం ఎవరినీ నీళ్లు పోయనివ్వడం లేదు.

జూలై 6

వికారాబాద్ వైపు ఒక ఊళ్లో మా విద్యార్థిని వాళ్ల తాతకు ఎకరం పైచిలుకు బీడు ఉంది. రాళ్ల నేల, నీళ్లు నిలవవు, వ్యవసాయానికి పనికిరాదని వదిలేసినది. ఆయన మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు: కాయ తినొచ్చా, పిడుగు పడే చెట్టా? మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదానికి, ఎత్తైన చెట్టు ఏదైనా ఒంటరిగా ఉంటే పిడుగుకు దగ్గరేనని, ఉరుములప్పుడు కిందకు వెళ్లొద్దని చెప్పాను. ఆయన తలూపి గునపం తెచ్చారు.

మూడు మొక్కలు తీసుకెళ్లాం, ఒకదానికి ఇంకొకదానికి ఇరవై అడుగులు చాలవని నలభై వదిలాం. తీగ విప్పితే గొట్టం చెప్పినట్టే తెరుచుకుంది. మట్టి స్తంభంలో వేరు ఒక్కచోట కూడా తెగలేదు. నీళ్లు గుంట నిండా ఒక్కసారి. ఆ తరువాత వానదే భారం.

మొదలు చుట్టూ దారం కట్టి, ఆ దారాన్ని మా పాత 30 మీటర్ల టేపు మీద పరిచి చూశాం. 7 సెంటీమీటర్లు. తాత తుమ్మ కంప నరికి తెచ్చి మూడింటి చుట్టూ పాతారు. మేకలు అప్పటికే గట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాయి.